ఆపరేషను అయినను విడువని నొప్పి

పఠనీయ భాగములు: నిర్గమకాండము 15:19–27; 1 సమూయేలు 1:9–18; మార్కు 5:21–34; 2 కొరింథీయులకు 12:7–10; 2 తిమోతికి 4:20.

ముఖ్యాంశము: స్వస్థత కొరకు ప్రార్థించి, వైద్యము చేయించుకొని, దేవునికి స్తోత్రము చెల్లించిన తరువాత కూడ నొప్పి నిలిచియుండవచ్చును. అట్టి నొప్పి అబద్ధము కాదు, అవిశ్వాసమును కాదు. దానిని దాచక చెప్పుకొనుటకు బాధపడు స్త్రీకి చోటిచ్చుట సంఘము యొక్క విధి.

1. రెండు కాగితముల మధ్య

ఖరగ్‌పూరు రైల్వే పట్టణము. పందొమ్మిదవ శతాబ్దాంతమున బెంగాలు నాగపూరు రైల్వే వారి యినుపదారి అచ్చటికి చేరినది మొదలు, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగు కుటుంబములు పని వెదకికొనుచు ఆ పట్టణమునకు తరలివచ్చెను. వర్క్‌షాపులోను, షెడ్డులోను, యార్డులోను చెమటోడ్చినవారి మనుమలును మునిమనుమలును నేడు నిమ్‌పురా, మథురాకాటి మొదలగు పేటలలో కాపురముండి, ఇంట తెలుగును, బజారులో హిందీని బెంగాలీని మాటలాడుచున్నారు. ఆదివారము వచ్చినప్పుడు వారిలో క్రైస్తవులైనవారు తెలుగులోనే ప్రభువును ఆరాధించుచున్నారు.

ఈ పట్టణమందు చిన్నపిల్లలకు సహితము తెలిసిన మాటలు రెండు కలవు. ఒకటి ‘సిక్’, రెండవది ‘ఫిట్’. ఉద్యోగి జబ్బుపడినప్పుడు రైల్వే డాక్టరు అతనిని సిక్‌లో పెట్టును. కోలుకొనినప్పుడు ఫిట్ సర్టిఫికేటు వ్రాసియిచ్చును. ఆ కాగితము చేతబట్టుకొని అతడు మరల డ్యూటీకి పోవును. ఈ రెండు కాగితములకు మధ్య మూడవ కాగితమనునది లేదు.

అయితే ఆ పట్టణపు క్వార్టర్లలోను, ఆంధ్ర తెలంగాణముల పల్లెలలోను, తెలుగువారున్న ప్రతి చోటను ఆ రెండు కాగితముల మధ్య జీవించుచున్న స్త్రీలు కొందరు కలరు. వారికి ఆపరేషను జరిగినది. కుట్లు మానినవి. ఇంటివారి దృష్టిలో వారు ఫిట్. అయినను నెల తిరిగినప్పుడు పొత్తికడుపులో మునుపటి పోటు మరల మొదలగును. నడుము లాగును, తొడలు పీకును, మలవిసర్జన సమయమున కత్తితో కోసినట్లుండును. వీరిలో అనేకుల వ్యాధి పేరు ఎండోమెట్రియోసిస్. శస్త్రచికిత్స తరువాతను విడువని ఆ నొప్పినిగూర్చియు, దానిని విశ్వాసి యెట్లు భరింపవలెననుదానిని గూర్చియు, సంఘము దానియెడల ఎట్లు ప్రవర్తింపవలెననుదానిని గూర్చియు ఈ పాఠము.

2. ఈ వ్యాధి ఎట్టిది?

గర్భాశయమునకు లోపలివైపున మెత్తని పొర యొకటి కలదు. నెలనెల అది దళసరియై, గర్భము నిలువనియెడల ఊడి నెలసరిగా బయటికి పోవును. ఈ పొరను పోలిన కణజాలము గర్భాశయమునకు వెలుపల, అనగా అండాశయములమీదను, కడుపు లోపలి పలుచని పొరమీదను, ప్రేగులమీదను, మూత్రాశయముమీదను పెరుగుటయే ఎండోమెట్రియోసిస్. నెలసరి హార్మోనుల ప్రభావము ఈ కణజాలముమీదను పడును. కాని అచ్చట స్రవించిన రక్తమునకు బయటికి పోవు దారి లేదు. కావున ఆ చోట వాపును, మచ్చలును కలిగి, ఒక అవయవము మరియొకదానికి అతుకుకొనిపోవుటయు జరుగును. అమెరికాకు చెందిన జాన్ శాంప్సన్ అను వైద్యుడు 1920ల దశకములో ఈ వ్యాధిని విపులముగా వర్ణించి, నెలసరి రక్తములో కొంత వెనుకకు మళ్లి కడుపులోనికి పోవుటయే దీనికి మూలమని ప్రతిపాదించెను. ఆ వివరణ కొంతవరకే చాలునని తరువాతి పరిశోధకులు గ్రహించిరి. కారణము నేటికిని పూర్తిగా తేలలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము సంతానోత్పత్తి వయస్సులోనున్న స్త్రీలలోను బాలికలలోను సుమారు 10 శాతము మందికి, అనగా దాదాపు 19 కోట్ల మందికి ఈ వ్యాధి కలదు. ఇది అరుదైన రోగము కాదు. ముప్పది మంది యువతులు కూర్చుండు స్త్రీల కూటములో ఇద్దరికో ముగ్గురికో ఇది ఉండుట ఆశ్చర్యము కాదు. అయినను రోగము మొదలైన పిమ్మట దాని పేరు తెలియుటకు అనేక సంవత్సరములు పట్టుచున్నది. నెలసరి నొప్పి ఆడుదానికి సహజమే గదా యని తల్లియు, పెండ్లియైతే తగ్గునని మేనత్తయు, బిడ్డ పుట్టినయెడల పోవునని పొరుగువారును చెప్పుచుండగా కాలము గడచిపోవును. నెలసరిలో కొంత అసౌకర్యము సహజమే. కాని పాఠశాలకు పోనీయని, వంట చేయనీయని, సొమ్మసిల్లజేయు నొప్పి సహజము కాదు.

ఖరగ్‌పూరువంటి పట్టణములో దీనికి మరియొక అడ్డంకి తోడగును. వైద్యునితో బెంగాలీలోనో హిందీలోనో మాటలాడవలెను. తెలుగు మాత్రమే బాగుగా తెలిసిన పెద్ద వయస్సు స్త్రీ గాని, ఊరినుండి క్రొత్తగా వచ్చిన కోడలు గాని తన నెలసరి సంగతి భర్త నోటనో, కుమారుని నోటనో చెప్పింపవలసివచ్చును. సిగ్గుచేత సగము చెప్పును. చెప్పిన సగములో సగమే అనువదింపబడును. మిగిలినది ఆమె కడుపులోనే యుండిపోవును.

3. ఆపరేషను తరువాత నొప్పి ఏల?

లాపరాస్కోపు ద్వారా కణజాలమును కోసివేసినను, కాల్చివేసినను అనేకులకు మేలు కలుగును. ఆ మేలు చిన్నది కాదు. అయితే అది అందరికిని శాశ్వతము కాదు. తరచుగా ఉదహరింపబడు అంచనాల ప్రకారము శస్త్రచికిత్స జరిగిన 2 సంవత్సరములలో సుమారు 20 శాతము మందికిని, 5 సంవత్సరములలో 40 నుండి 50 శాతము మందికిని వ్యాధి తిరిగి కనబడుచున్నది. నొప్పి నిలుచుటకు కారణము ఒక్కటి కాదు. కంటికి కనబడనంత చిన్న కణజాలము మిగిలియుండవచ్చును. ఆపరేషను వలననే లోపల అతుకులు ఏర్పడవచ్చును. గర్భాశయపు కండరములోనే అట్టి కణజాలము పెరుగు అడినోమయోసిస్ అను మరియొక వ్యాధి తోడై యుండవచ్చును. ఏండ్లతరబడి నొప్పిని కాచుకొని బిగిసిన కటి కండరములు, ఆపరేషను తరువాత కూడ సడలక యుండవచ్చును.

వీటన్నిటికంటె ముఖ్యముగా గ్రహింపవలసినది నరముల సంగతి. బహుకాలము నొప్పి అనుభవించిన శరీరమందు నరములును, వెన్నుపామును, మెదడును నొప్పికి అలవాటుపడి, చిన్న తాకిడిని పెద్ద బాధగా చూపుచుండును. నిప్పు ఆరిన తరువాతను గంట మ్రోగుచుండుటవంటిది ఇది. గంట మ్రోగుట నిజమే. వినువాని బాధయు నిజమే. ఇది మనోభ్రమ కాదు, నటన కాదు. మరియు కనబడు వ్యాధి యొక్క పరిమాణమునకును నొప్పి యొక్క తీవ్రతకును సరియైన పొంతన లేదని వైద్యులు ఎరుగుదురు. కొద్ది మచ్చలున్న స్త్రీ విలవిలలాడవచ్చును. విస్తారమైన వ్యాధియున్న మరియొకతెకు నొప్పియే లేకపోవచ్చును. కావున “స్కానింగులో ఏమియు లేదు గదా” అను మాట న్యాయమైన తీర్పు కాదు.

తెలుగువారిలో తరచుగా వినబడు మాట మరియొకటి కలదు: “గర్భసంచి తీయించేస్తే పీడ పోతుంది.” 2015–16 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటిలో 3 శాతమునకు కొంచెము మించియుండగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతమును, తెలంగాణములో 8 శాతమునకు సమీపముగాను ఉండిరి. కొందరికి ఆ ఆపరేషను అవసరమే. అయితే ఎండోమెట్రియోసిస్ గర్భాశయమునకు వెలుపల పెరుగు వ్యాధి. వెలుపలిదానిని విడిచి గర్భసంచిని మాత్రము తీసివేసినయెడల నొప్పి మిగులుట వింత కాదు. ముప్పది యేండ్ల వయస్సులో తొందరపడి దీనికి ఒప్పుకొనకమునుపు మరియొక వైద్యుని అభిప్రాయము అడుగుట వివేకము.

ఖరగ్‌పూరు వర్క్‌షాపునకు పెట్టెలును ఇంజనులును నియమిత కాలమున ఓవర్‌హాలింగు కొరకు తిరిగి వచ్చుచుండును. తిరిగి వచ్చిన పెట్టెను చూచి, మునుపు చేసిన మరమ్మతు బూటకమని ఏ ఫిట్టరును అనడు. పట్టాలమీద పరుగెత్తిన దానికి మరల మరల సంరక్షణ అవసరమని అతడు ఎరుగును. ఎండోమెట్రియోసిస్ కూడ అట్టి దీర్ఘకాల వ్యాధియే. ఒక్క ఆపరేషనుతో లెక్క ముగిసినదని యెంచుట వలననే రోగికిని ఇంటివారికిని సగము నిరాశ కలుగుచున్నది.

4. చెప్పిన సాక్ష్యము అబద్ధమగునా?

ఇప్పుడు విశ్వాసి హృదయమందున్న చిక్కును చూడవలెను. ఇట్టి సహోదరి ఏ సంఘమందైనను ఉండవచ్చును. ఆమె ఆపరేషను కొరకు స్త్రీల సమాజము వారు ఉపవాసముండి ప్రార్థించిరి. సంఘకాపరి ఆసుపత్రికి వచ్చి మంచము ప్రక్కన మోకరించెను. రెండు నెలల తరువాత ఆమె ఆరాధనలో నిలువబడి సాక్ష్యము చెప్పెను, కృతజ్ఞతార్పణ చెల్లించెను, అందరును సంతోషించిరి. నాలుగవ నెలలో పాత నొప్పి తిరిగివచ్చెను. ఇక ఆమె ఎవరితో చెప్పుకొనును? ఆరాధన ముగిసిన తరువాత గుమ్మమువద్ద “ఒంట్లో ఎలా ఉందమ్మా?” అని అడిగినవారికి “బాగానే ఉందండి, దేవుని దయ” అని చెప్పి, ఇంటికి పోయి వేడినీళ్ల సంచి కడుపునకు అదుముకొని పండుకొనును. చెప్పినయెడల తన సాక్ష్యము అబద్ధమగునని ఆమె భయము. తన విశ్వాసమునందు ఏదో లోపమున్నదని లోకులు తలంతురని మరియొక భయము. ఈ రెండు భయములు నొప్పికంటె బరువైనవి.

ఈ భయమునకు నిర్గమకాండము 15వ అధ్యాయము మంచి జవాబు నిచ్చుచున్నది. ఇశ్రాయేలీయులు ఎఱ్ఱసముద్రమును దాటి దేవుని స్తుతించి పాడిరి. మిర్యాము తంబుర చేతబట్టెను. ఆ పాట పరిశుద్ధ గ్రంథములోని మహా సాక్ష్యములలో ఒకటి. అదే అధ్యాయములో, మూడు దినముల ప్రయాణము తరువాత, వారికి నీళ్లు దొరకలేదు. దొరికిన మారా నీళ్లు చేదుగా నుండెను. చేదు నీళ్లు కనబడినందున సముద్రతీరమున పాడిన పాట అబద్ధమాయెనా? కాలేదు. దేవుడు సముద్రమును పాయలుచేసినమాట నిజము. మారా నీళ్లు చేదైనమాటయు నిజము. రెండు నిజములును ఒకే అధ్యాయములో వ్రాయబడియున్నవి.

కాబట్టి ఆ సహోదరి చెప్పిన సాక్ష్యము నిలిచియే యుండును. ఆమె మత్తునుండి క్షేమముగా మేలుకొనెను, వైద్యుల చేతులు కాపాడబడెను, గాయము మానెను. వాటికొరకు చెల్లించిన స్తోత్రము సత్యమైన స్తోత్రమే. మూడు దినముల ప్రయాణము తరువాత నీళ్లు చేదుగా నున్నవని చెప్పుట ఆ స్తోత్రమును కొట్టివేయదు. అచ్చట ప్రజలు సణిగిరి, మోషే మొఱ్ఱపెట్టెను. సణుగుటకును మొఱ్ఱకును భేదము కలదు. చేదును చేదనుట పాపము కాదు. దానిని దేవునియొద్దకు తెచ్చుటయే మొఱ్ఱ. నీళ్లు చేదుగా లేవని నటింపుమని దేవుడు వారికి ఆజ్ఞాపింపలేదు. ఒక చెట్టును చూపెను.

5. “సంగతి యంతయు” విన్న ప్రభువు

మార్కు సువార్తలోని రక్తస్రావ రోగముగల స్త్రీ కథ ఇట్టి సహోదరులకు సుపరిచితము. పండ్రెండు సంవత్సరములు ఆమె బాధపడెను. అనేక వైద్యులచేత శ్రమనొందెను, కలిగినదంతయు వ్యయపరచెను, మేలు కలుగకపోగా మరి అధికమాయెను. లేవీయకాండము 15వ అధ్యాయము ప్రకారము ఆమె ఆ కాలమంతయు అశుచిగా ఎంచబడెను. కావున వెనుకనుండి వచ్చి, ఎవరికిని తెలియకుండ వస్త్రమును ముట్టెను.

ముట్టినంతనే స్రావము నిలిచెను. ఇక్కడ యథార్థముగా ఒక మాట చెప్పవలెను. ఆ స్త్రీ బాధ వెంటనే నిలిచెను. ఎండోమెట్రియోసిస్‌తో బాధపడు సహోదరి నొప్పి నిలువలేదు. ఈ భేదమును దాచి ఓదార్చుట ఓదార్పు కాదు. అయితే ఈ కథ స్రావము నిలిచినచోట ముగియలేదు. ప్రభువు నిలిచెను. యాయీరు కుమార్తె చావుబ్రతుకులలో నుండగా, త్వరపడవలసిన ప్రయాణమును ఆపి, ముట్టినవారెవరని వెదకెను. ఆమె వణకుచు వచ్చి జరిగిన సంగతి యంతయు ఆయనతో చెప్పెను. ఆయన ఆమెను కుమార్తెయని పిలిచి సమాధానముతో పంపెను.

శరీరము బాగుపడిన పిమ్మట ఆమెను చెప్పనిచ్చుట ఏల? పండ్రెండు సంవత్సరములు మూసియుంచిన నోరు తెరువబడనిదే ఆమె స్వస్థత సంపూర్ణము కాదని ప్రభువు ఎరిగియుండెను. స్త్రీ దేహమునకు సంబంధించిన సంగతి జనసమూహము నడుమ వినుటకు ఆయన సిగ్గుపడలేదు, ఆమెను సిగ్గుపరచలేదు. సగము విని తీర్పు చెప్పలేదు. నేడు నొప్పి నిలువని సహోదరికి ఈ కథలో దొరకునది ఇదియే: నెలసరి నొప్పియైనను, దాంపత్యమందలి బాధయైనను, బిడ్డలు లేరను దుఃఖమైనను, ఆమె సంగతి యంతయు వినుటకు ప్రభువు దారిలో నిలుచును.

6. ద్వారమున కూర్చున్న యాజకుడు

సంఘ పెద్దలకును కుటుంబములకును పాఠము షిలోహులో దొరకును. హన్నా మనోదుఃఖముతో ప్రార్థించుచుండగా ఆమె పెదవులు మాత్రము కదలెను, స్వరము వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమెను చూచి మత్తురాలని తలంచి గద్దించెను. ఆయన చూచినది నిజమే. చేసిన అర్థము తప్పు. నొప్పితో కూటమునకు రాలేని సహోదరిని భక్తి తగ్గినదనుట, మంచమెక్కిన కోడలిని సోమరి యనుట, పిల్లలు కలుగని స్త్రీని గొడ్రాలనుట ఇట్టి తప్పులే. ఎండోమెట్రియోసిస్ ఉన్నవారిలో గర్భము నిలుచుట కష్టమగువారు చాలమంది కలరు. వారిని పేరంటములోను, నామకరణ కూడికలోను ప్రశ్నించువారు పెనిన్నా పని చేయుచున్నారు.

అయితే ఏలీయందు ఒక మంచి గుణము కలదు. హన్నా తన మనస్సులోనున్నది చెప్పినప్పుడు ఆయన తన మాటను పట్టుకొని వ్రేలాడలేదు. విని, నమ్మి, దీవించెను. ఆమె కోరినది ఇంకను దొరకకమునుపే ఆమె వెళ్లి భోజనము చేసెను; ఆమె ముఖము మారెను. బిడ్డ పుట్టుటకు ముందే ముఖము మారుటకు ఒక కారణము, తన బాధను ఒకరు నమ్మిరనుటయే.

స్త్రీల వ్యాధులను వినువారు లేక జరిగిన నష్టమునకు దక్షిణ దేశ చరిత్రలో గొప్ప దృష్టాంతము కలదు. మిషనరీ వైద్యుని కుమార్తెయైన ఐడా స్కడర్ 1890ల దశకములో తిండివనమున ఉన్నప్పుడు, ఒకే రాత్రి మూడు ఇండ్లనుండి పురుషులు ప్రసవవేదనలోనున్న తమ భార్యల కొరకు సహాయము కోరి వచ్చిరి. పురుష వైద్యుడు తమ స్త్రీలను చూచుటకు వారు ఒప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ఆ ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆ రాత్రి ఆమె జీవితమును మార్చెను. ఆమె వైద్యవిద్య ముగించుకొని 1900లో వేలూరునకు వచ్చెను. 1918లో అచ్చట స్త్రీల కొరకు వైద్య పాఠశాలను స్థాపించెను. నేడు బెంగాలునుండి కాట్పాడి స్టేషనులో దిగి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి పోవు రోగులు లెక్కకు మిక్కిలి. ముగ్గురు స్త్రీల మరణమును విన్న ఒక చెవినుండి అంత గొప్ప పరిచర్య పుట్టెను. వినుట చిన్న పని కాదు.

7. దినదినము చేయదగిన పనులు

దేహము దేవుని ఆలయము గనుక దానిని కాపాడుకొనుట భక్తిలో భాగమే. ఈ క్రింది సంగతులు ఉపయోగపడును.

మొదటిది, నొప్పి లెక్క. ఒక చిన్న పుస్తకములో తేదీ, నెలసరి దినములు, నొప్పి ఎక్కడ, ఎట్టిది—పోటా, మంటా, లాగుటా, గుచ్చుటా—ఎంతసేపు, ఏ మందు వేసుకొనినప్పుడు తగ్గినది, ఏ పని ఆగిపోయినది అను సంగతులు రెండు మూడు నెలలు వ్రాసినయెడల వైద్యునికి మిక్కిలి ఉపయోగము. భాష తెలియనివారు దీనిని ముందుగానే హిందీలోనో బెంగాలీలోనో ఎవరైన స్త్రీచేత వ్రాయించుకొనిపోవచ్చును.

రెండవది, కాగితములు. ఆపరేషను వివరముల పత్రము, బయాప్సీ రిపోర్టు, స్కానింగులు ఒక సంచిలో భద్రపరుపవలెను. రైల్వే ఆసుపత్రినుండి గార్డెన్ రీచ్‌లోని కేంద్ర ఆసుపత్రికి గాని, మరియొక చోటికి గాని పంపబడినప్పుడు క్రొత్త వైద్యుడు మొదట అడుగునవి ఇవే.

మూడవది, హార్మోను మందులు. 2022లో వెలువడిన ఐరోపా వైద్య మార్గదర్శకములు, వెంటనే గర్భము కోరని స్త్రీలకు ఆపరేషను తరువాత హార్మోను చికిత్స ఇవ్వవచ్చునని చెప్పుచున్నవి. డైనోజెస్ట్ వంటి మాత్రలును, గర్భనిరోధక మాత్రలును, గర్భాశయములో అమర్చు హార్మోను సాధనమును ఇట్టివి. పెండ్లికాని యువతికి గర్భనిరోధక మాత్ర వ్రాసినప్పుడు తల్లి సిగ్గుపడి ఆ చీటిని దాచవలసిన పని లేదు. ఇచ్చట అది నొప్పికి ఔషధము. దుష్ఫలితములు కలిగినయెడల మానివేయక వైద్యునితో చెప్పవలెను, మరియొకటి మార్చవచ్చును.

నాలుగవది, కండరములును నరములును. కటి కండరములను సడలించు వ్యాయామములు ఫిజియోథెరపీ వారు నేర్పుదురు. వేడి కాపడము, మెల్లని నడక, తగిన నిద్ర కొందరికి మేలుచేయును. నొప్పి బిళ్లలను భోజనము తరువాత, వైద్యుడు చెప్పిన మోతాదులోనే వాడవలెను. దుకాణములో అడిగి ఏండ్లతరబడి మ్రింగుట కడుపునకును మూత్రపిండములకును హాని.

అయిదవది, ఆలస్యము చేయరాని గురుతులు. జ్వరముతోకూడిన కడుపునొప్పి, గాయమునుండి చీము, ఆగని రక్తస్రావము, అకస్మాత్తుగా వచ్చిన తీవ్రమైన నొప్పి, కడుపు ఉబ్బి వాంతులగుట, మూత్రము బంధించుట, సొమ్మసిల్లుట కనబడినయెడల ప్రార్థన కూటము ముగియువరకు ఆగక వెంటనే ఆసుపత్రికి పోవలెను. దారిలోను ప్రార్థింపవచ్చును.

ఆరవది, మనస్సు. విడువని నొప్పి మనుష్యుని క్రుంగదీయును. ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుండి ప్రాణము తీసికొనుమని అడిగినప్పుడు దేవుడు అతనిని గద్దింపక నిద్రయు ఆహారమును దయచేసెను. చనిపోవలెనను తలంపు వచ్చుచున్నయెడల వెంటనే ఇంటివారితోను వైద్యునితోను చెప్పవలెను. భారత ప్రభుత్వము వారి టెలి మానస్ అను ఉచిత సేవకు 14416 అను నంబరునకు ఫోను చేయవచ్చును.

ఇంటివారికి ఒక మాట. భర్త ఆమెతో కూడ వైద్యునియొద్దకు పోయి విను భర్తగా ఉండవలెను. దాంపత్యమందు ఆమెకు నొప్పి కలుగుచున్నయెడల అది ఆమె అయిష్టము కాదు, వ్యాధి లక్షణమే. అచ్చట బలవంతము ప్రేమకు విరోధము. నొప్పి దినములలో నీళ్లు మోయుట, బట్టలు ఉదుకుట ఇతరులు పంచుకొనినయెడల వంద పరామర్శలకంటె మేలు.

8. తీసివేయబడని ముల్లు

పౌలు చేతులద్వారా అనేకులు స్వస్థపడిరి. అయినను అదే పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచివచ్చెను. తిమోతి తరచుగా బలహీనుడగుచుండగా అతని కడుపు జబ్బునకు తగిన ఉపాయము చెప్పెను. తన శరీరమందలి ముల్లు తొలగింపుమని ముమ్మారు వేడుకొనెను, అది తొలగింపబడలేదు. త్రోఫిముయందు విశ్వాసము తక్కువయని గాని, తిమోతియందు రహస్య పాపమున్నదని గాని పౌలు వ్రాయలేదు. అపొస్తలుడు వ్రాయని మాటను సంఘమందెవరును పలుకరాదు.

పౌలునకు దొరికిన జవాబు ముల్లునకు బదులుగా కృప. కృప అనునది నొప్పి లేనట్లు నటించు శక్తి కాదు. పౌలు తన బలహీనతను దాచలేదు. కొరింథు సంఘమంతటికి వ్రాసి పంపెను. దాచిన బలహీనతమీద క్రీస్తు శక్తి నిలుచునని ఆయన చెప్పలేదు. ఒప్పుకొనిన బలహీనతమీద నిలుచునని చెప్పెను. కావున సహోదరి మరల సాక్ష్యము చెప్పదలచినయెడల ఈ రీతిగా చెప్పవచ్చును: ఆపరేషను నాడు ప్రభువు కాపాడెను, నొప్పి తిరిగివచ్చెను, వైద్యము జరుగుచున్నది, ప్రభువు విడువలేదు. ఇదియు సంపూర్ణమైన సాక్ష్యమే. అట్టి సాక్ష్యమునకు ఆమేన్ అని చెప్పగల సంఘము ధన్యమైనది.

స్వస్థత కొరకు ప్రార్థించుట మానవలసిన పని లేదు. ఇశ్రాయేలీయులు మారాను దాటి ఏలీమునకు చేరిరి; అచ్చట పండ్రెండు నీటి బుగ్గలును డెబ్బది ఈతచెట్లును ఉండెను. కొందరికి మందుల ద్వారా, కొందరికి రెండవ చికిత్స ద్వారా, కొందరికి నెలసరి ఆగు వయస్సులో ఉపశమనము కలుగుచున్నది. కొందరికి నొప్పిలేని దినము పునరుత్థానమందే. ఏది ఎప్పుడైనను, మారాకును ఏలీమునకును మధ్యనున్న దారిలో మేఘస్తంభము వారిని విడువలేదు. ఆ దారిలో నడచువారిని ‘సిక్’ అనియు ‘ఫిట్’ అనియు విభజింపక, కుమార్తె యని పిలుచు ప్రభువు వారితోకూడ నడచుచున్నాడు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. సముద్రతీరపు పాటయు మారా నీళ్లును ఒకే అధ్యాయములో ఉండుటవలన విశ్వాసి నేర్చుకొనవలసినది ఏమి?

2. యేసుప్రభువు స్వస్థపడిన స్త్రీని వెంటనే వెళ్లనియ్యక ఆమె మాట వినుటకు ఏల నిలిచెను?

3. ఏలీ చేసిన పొరపాటు ఏది? ఆయన దానిని ఎట్లు సరిదిద్దుకొనెను? నేటి సంఘమందు అట్టి పొరపాటు ఏ రూపమున కనబడుచున్నది?

4. దీర్ఘవ్యాధితోనున్న సహోదరి ఇంట ఈ వారము చేయదగిన ఒక పని ఏది?

ప్రార్థనాంశములు

శస్త్రచికిత్స తరువాతను నొప్పితోనున్న స్త్రీలు సిగ్గును భయమును విడిచి చెప్పుకొనగలుగునట్లును, వారి మాట వినుటకు భర్తలకును అత్తమామలకును సంఘ పెద్దలకును ఓర్పుగల చెవులు దయచేయబడునట్లును, రైల్వే ఆసుపత్రులలోను మిషను ఆసుపత్రులలోను సేవచేయు వైద్యులకును నర్సులకును జ్ఞానము కలుగునట్లును, ఈ వ్యాధి యొక్క కారణమును చికిత్సను వెదకు పరిశోధకుల శ్రమ ఫలించునట్లును ప్రార్థింపవలెను.